చేట కావలసిన చోట జల్లెడ



తెలుగు భాషాభిమానుల సభ ఎక్కడ జరిగినా ఒక ఘట్టం తప్పనిసరిగా ఉంటుంది. వక్త గొంతు సవరించుకుంటాడు. నేటి కుర్రకారు చెవుల్లో తీగలు దోపుకుని అర్థం తెలియని విదేశీ పాటలు వింటున్నారనీ, అమ్మభాష అంతరించడానికి ఇదే మూలమనీ తీర్మానిస్తాడు. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగుతుంది. ఆ తరువాత అందరూ ఉప్మా తిని, ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్న మనుమలను బడి నుంచి తీసుకురావడానికి బయలుదేరుతారు.

ముప్పై ఏళ్ళకు పైగా ఏజెన్సీ బడులలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఆ చప్పట్లలో నా చేతులు కలపలేను. వక్తకు పాటల మీద ఉన్న కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆయన తప్పు ముద్దాయిని బోనులో నిలబెట్టాడు. కుర్రవాళ్ళు వింటున్న ఆ విదేశీ పాటల్లో ఒక రకాన్ని, లాటిన్ అమెరికా కుర్రవాళ్ళ బృందాల పాటను, విచారణకు తీసుకుందాం. వాళ్ళెలా పైకి వచ్చారో చూస్తే మన రోగం ఎక్కడ ఉందో బయటపడుతుంది.

శిష్యులలో రెండు రకాలుంటారని మా గురువులు చెప్పేవారు. చేట వంటివాడు ఒకడు, జల్లెడ వంటివాడు ఒకడు. చేట పొల్లును చెరిగివేసి గింజను నిలుపుకుంటుంది. జల్లెడ పిండిని కిందికి జారవిడిచి తవుడును పట్టుకుని కూర్చుంటుంది. లోకం నుంచి పాట విషయంలో మనం నేర్చుకున్నది జల్లెడ నేర్పు. వాళ్ళ దగ్గర తీసుకోదగినదాన్ని వదిలేశాం, వదలదగినదాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. ఈ టపాలో నేను నిరూపించబోయేది ఇదే.

మొదట గింజ సంగతి చూద్దాం.

పోర్టోరికో కరీబియన్ సముద్రంలో ఒక చిన్న ద్వీపం. 1898లో స్పెయిన్ చేతి నుంచి అమెరికా చేతికి వచ్చింది. వచ్చిన కొత్త దొరలు అక్కడి బడులలో ఇంగ్లీషును రుద్దారు. దాదాపు యాభై ఏళ్ళపాటు బోధనా మాధ్యమం ఇంగ్లీషా, స్పానిషా అన్న పేచీ నడిచింది. ఉపాధ్యాయులు ఎదురు తిరిగారు. చివరకు 1940ల చివరలో స్పానిష్ బోధనాభాషగా నిలిచింది. ఇంగ్లీషు ఒక పాఠ్యాంశంగా మిగిలింది. పాలించేది అమెరికా, డాలరు అమెరికాది, విమానమెక్కితే న్యూయార్కు. ఇంగ్లీషుకు లొంగిపోవడానికి ఇంతకన్న గట్టి కారణాలు ఏ జాతికి ఉంటాయి? ఆ జాతి లొంగలేదు.

ఆ ద్వీపంలోనే 1977లో ఎడ్గార్దో దియాస్ అనే నిర్మాత కొందరు చిన్న పిల్లలను కూర్చి ‘మెనూదో’ అనే పాటల బృందాన్ని కట్టాడు. మొదటి బృందంలోని వారంతా రెండు ఇళ్ళ అన్నదమ్ములు. స్పానిష్‌లో ఆ మాటకు చిన్నది అనీ, చిల్లర డబ్బులు అనీ అర్థాలున్నాయి. ఆ చిల్లర కొద్ది ఏళ్ళలోనే లాటిన్ అమెరికా అంతటా చెల్లుబాటయ్యే నాణెమైంది. 1980లలో న్యూయార్కు వీధుల్లో సైతం ఆ పిల్లలను చూడడానికి జనం ఎగబడ్డారు. బ్రెజిల్ కోసం పోర్చుగీసులోను, అమెరికా కోసం ఇంగ్లీషులోను పాడారు, నిజమే. కానీ వాళ్ళను వాళ్ళుగా నిలబెట్టింది స్పానిష్ పాట. పన్నెండేళ్ళ వయసులో 1984లో అందులో చేరిన రికీ మార్టిన్ తరువాత లోకప్రసిద్ధుడైన సంగతి చాలామందికి తెలుసు.

మూడు దశాబ్దాల తరువాత, 2015లో, అమెరికాలోని స్పానిష్ టెలివిజన్ యూనివిజన్‌లో ‘లా బాందా’ అనే పోటీ జరిగింది. దాన్ని రూపొందించినవాడు ఆంగ్లేయుడైన సైమన్ కోవెల్. న్యాయనిర్ణేతలలో ఒకడు ఆ రికీ మార్టినే. గెలిచిన ఐదుగురితో ‘సీ ఎన్ సీ ఓ’ బృందం ఏర్పడింది. వాళ్ళ కుటుంబాల మూలాలు పోర్టోరికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, మెక్సికో, ఈక్వడార్ దేశాలలో ఉన్నాయి. అందరికన్న చిన్నవాడికి అప్పటికి పద్నాలుగేళ్ళు. బహుమానం ఒక పెద్ద రికార్డు సంస్థతో ఒప్పందం. ఈ ఐదుగురిలో కొందరు అమెరికాలోనే పెరిగినవారు. ఇంగ్లీషు వాళ్ళకు మంచినీళ్ళప్రాయం. అయినా 2016లో వచ్చిన వాళ్ళ మొదటి సంపుటి స్పానిష్‌లో వచ్చింది. అమెరికాలో పెరిగిన పిల్లవాడు అమెరికాలో పేరు తెచ్చుకోవడానికి అవ్వ భాషలో పాడాడు!

2017లో పోర్టోరికోకు చెందిన లూయిస్ ఫోన్సి, డాడీ యాంకీ పాడిన ‘దెస్పసీతో’ అమెరికా పాటల పట్టికలో వరుసగా పదహారు వారాలు మొదటి స్థానంలో ఉంది. దాని మరో రూపంలో గొంతు కలిపిన జస్టిన్ బీబర్, ఇంగ్లీషు పాటకు ఏలిక అనదగినవాడు, స్పానిష్ మాటలు నేర్చుకుని పాడవలసి వచ్చింది. 2022లో బ్యాడ్ బనీ అనే మరో పోర్టోరికో యువకుడి సంపుటి, పూర్తిగా స్పానిష్‌లో ఉన్నది, గ్రామీ పురస్కారాలలో ఆ ఏటి ఉత్తమ సంపుటి విభాగానికి ఎంపికయింది. స్పానిష్ సంపుటికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

ఇప్పుడు చెప్పండి. మన పిల్లవాడు ఈ పాట విన్నప్పుడు అతని చెవికి అందుతున్న సందేశం ఏమిటి? ‘నీ భాష వదులుకో, అప్పుడే లోకం నిన్ను వింటుంది’ అని ఆ పాట అనడం లేదు. నీ భాషలో పాడు, వినదలచినవాడు అర్థం కనుక్కుంటాడు అంటున్నది. ఈ ఉపదేశం మన భాషాభిమానుల ఉపన్యాసాలలో నాకు వినబడలేదు. పదవీ విరమణ తరువాత సాయంత్రం పూట మా వీధి అరుగు మీద కూర్చున్న కుర్రవాళ్ళ ఫోనులో వినబడింది.

అది అరవపాటవలె గోల అని కొందరికి అనిపించవచ్చు. పండితులు కాస్త ఆగి లెక్క కట్టండి. ‘రెగ్గేటన్’ అనే ఆ వరుసలో ఎనిమిది మాత్రలను మూడు, మూడు, రెండుగా విరిచి తాళం నడుస్తుంది. గణవిభజన నేర్చుకున్నవాడికి ఇందులో వింత ఏమున్నది? మనవాళ్ళు మాత్రాఛందస్సుల్లో ఆడుకున్నది ఇటువంటి విరుపులతోనే.

ఆ లయ మురికివాడల్లో పుట్టింది. అక్కడి పెద్దలకూ అది రుచించలేదు. 1995లో పోర్టోరికో పోలీసులు దుకాణాలపై పడి ఆ పాటల క్యాసెట్లను జప్తు చేశారు. అశ్లీలమన్నారు, అలగా అన్నారు. ఆ పాటలలో వెగటు కలిగించే మాటలు లేకపోలేదు, నేను వాటికి వకాల్తా పుచ్చుకోను. కానీ భాషకు ప్రాణవాయువు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. పండితుల పీఠాల నుంచి రాలేదు. జప్తయిన క్యాసెట్ల నుంచి వచ్చింది. ఇది మనకు కొత్త కథ కాదు. మార్గకవిత రాజ్యమేలుతున్న కాలంలో పాల్కురికి సోమనాథుడు ద్విపదను చేపట్టి జానుతెనుగు జనం నోటికి అందించాడు. ద్విపదను చిన్నచూపు చూసిన పండితులు అప్పుడూ ఉన్నారు, తరువాతా ఉన్నారు. వారి పేర్లు మనకు తెలియవు. సోమనాథుని పేరు తెలుసు.

ఇదీ గింజ. దీన్ని మనం తెచ్చుకున్నామా?

మన కుర్రవాళ్ళు పాటల పోటీలలో దేశమంతటా గెలిచారు. 2006లో కారుణ్య ‘ఇండియన్ ఐడల్’ పోటీలో రెండవ స్థానం వరకు వెళ్ళాడు. 2010లో శ్రీరామచంద్ర విజేత. 2017లో రేవంత్ విజేత. ముగ్గురూ గొప్ప గాయకులే. మనం గర్వపడ్డాం, సెల్లుఫోనులో సందేశాలు పంపి ఓట్లు వేశాం. వాళ్ళు గెలిచింది హిందీ పాటలు పాడి. ఇందులో ఆ యువకుల దోషం ఇసుమంతైనా లేదు. పోటీ హిందీది, హిందీలో పాడారు. నా ప్రశ్న వారిని గురించి కాదు, మనల్ని గురించి. స్పానిష్ కుర్రవాడు తన భాషలో పాడి ఇంగ్లీషు దేశాన్ని గెలిస్తే, తెలుగు కుర్రవాడు పరభాషలో పాడి గెలిచినప్పుడు మాత్రమే మనకు ఘనుడుగా కనబడతాడు. అతడే మన ఊళ్ళో కూర్చుని తెలుగులో ఒక కొత్త పాట కట్టి ఉంటే, ‘చదువు సంధ్యలు లేవురా నీకు?’ అని అడిగేవాళ్ళం.

ఇక పొల్లు సంగతి.

మెనూదో బృందానికి మొదటి ఏళ్ళలో ఒక కఠిన నియమం ఉండేది. పిల్లవాడికి పదహారేళ్ళు నిండితే బృందం నుంచి వెళ్ళిపోవాలి. గొంతు మారినా, మీసం మొలిచినా అంతే. ఆ చోట మరో చిన్నవాణ్ణి నిలబెడతారు. అలా ఆ పేరు మీద కాలక్రమంలో ముప్పై మందికి పైగా వచ్చి వెళ్ళారు. పేరు శాశ్వతం, పిల్లలు మార్చదగిన మరలు. లోకంలో ఏ కొలువులోనైనా ఎదిగినందుకు జీతం పెరుగుతుంది. ఆ కొలువులో ఎదిగినందుకు ఉద్వాసన! 2022లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో ఆ బృందపు పూర్వసభ్యులు కొందరు, తెరవెనుక తాము పడిన శ్రమదోపిడీని, వేధింపులను గురించి పెద్దవారైన తరువాత నోరు విప్పి చెప్పుకున్నారు. బాల్యంలో వారి గొంతు కోట్లమందికి వినబడింది గాని, వారి మాట ఒక్కరికీ వినబడలేదు.

ఇది ఒక్క బృందంతో ఆగిన సంగతి కాదు. సీ ఎన్ సీ ఓ నుంచి ఒకడు 2021లో విడిపోయాడు. 2022లో మిగిలినవారు తాము కూడా విడిపోతున్నట్లు ప్రకటించారు. పోటీలో గెలిచిన నాటి నుంచి లెక్కపెడితే ఏడేళ్ళు నిండలేదు. బీటీఎస్ బృందాన్ని తయారుచేసిన కొరియా సంస్థ హైబ్, మెక్సికో నగరంలో శాఖ తెరిచి, 2025లో ‘సాంతోస్ బ్రావోస్’ అనే ఐదుగురి లాటిన్ బృందాన్ని లోకం మీదికి వదిలింది. పిల్లలు లాటిన్ అమెరికా వారు, తర్ఫీదు పద్ధతి కొరియాది. ఎంపిక, వడపోత, నాట్యం, కెమెరా ముందు కన్నీరు, ఆ కన్నీటికి ప్రేక్షకులు. పాట ఒక వస్తువు, పిల్లవాడు దాని పొట్లం. ఈ మరను నేను ఏ భాషలోనూ సమర్థించను.

మరి మన భాషాభిమానులు సమర్థించరా? నోటితో సమర్థించరు. ఇంట్లో ప్రతి వారమూ చూస్తారు. ఈ పొల్లును మనం ఎంత శ్రద్ధగా తెచ్చుకున్నామో గమనించండి. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు బాలసుబ్రహ్మణ్యంగారి వంటి మహాగాయకుడు పిల్లల పక్కన కూర్చుని, ఉచ్చారణ దిద్ది, సాహిత్యపు విలువ చెప్పి, పాటను ఒక పాఠంగా మార్చారు. తెలుగు పంతులుగా ఆయనకు నేను ఋణపడి ఉన్నాను. 2020 సెప్టెంబరులో ఆయన కన్నుమూసిన నాడు మా ఇంట్లో పొయ్యి వెలగలేదంటే అతిశయోక్తి కాదు. అయితే ఆయన వేసిన బాటలో ఆయన గుణం నడవలేదు, పోటీ ఒక్కటే నడిచింది. తరువాత పుట్టుకొచ్చిన కార్యక్రమాలలో పాఠం తగ్గింది, ఏడుపు పెరిగింది. ఎనిమిదేళ్ళ పసివాడు ఓడిపోతే వాడి తల్లి ముఖం మీద కెమెరా నిలిచిపోతుంది. ఇంతచేసి వాడు పాడేదేమిటి? నలభై ఏళ్ళనాడు ఒక కథానాయకుడి కోసం ఒకరు రాసి మరొకరు పాడిన సినిమా పాట. వాడి వయసు మాట, వాడి ఊరి మాట అందులో లేవు. మెనూదో పిల్లలకు కనీసం వాళ్ళకోసం కట్టిన కొత్త పాటలుండేవి. మనవాళ్ళకు అదీ లేదు. అక్కడి మర వచ్చింది, అక్కడి కొత్త పాట రాలేదు. జల్లెడ అంటే ఇదే.

సినిమా తప్ప పాటకు మనకు వేరే దారి లేదు, ఏం చేస్తాం అని ఒక మిత్రుడు అడగవచ్చు. దారి లేకపోవడం కాదు, ఉన్న దారులన్నీ మనమే సినిమా గుమ్మంలోకి మళ్ళించాం. ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావుగారి వంటివారు లలితసంగీతమనే ఒక ప్రత్యేకమైన తోటను పెంచారు. సినిమాతో నిమిత్తం లేకుండా ఘంటసాలవారి ‘పుష్పవిలాపం’ ఇంటింటా మోగింది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి యువకులను బృందాలుగా కట్టి ఊరూరా తిప్పింది. షేక్ నాజర్ బుర్రకథకు కొత్త ఊపిరి పోశారు. ఆ మండలి నుంచి గరికపాటి రాజారావు, అల్లు రామలింగయ్య, జమున మొదలైన ఎందరో సినిమాలోకి వెళ్ళారు. 1970లలో జననాట్యమండలి వచ్చింది. గద్దర్ గోచీ, గొంగళి, చేతికర్రతో ఆడి పాడితే మా ప్రాంతంలో పిల్లలకు పద్యాల కన్న ముందు ఆ పాటలు వచ్చేవి. వారి రాజకీయాలతో ఏకీభవించినా లేకపోయినా ఒక మాట ఒప్పుకోక తప్పదు. తెలుగు కుర్రవాళ్ళు గుంపు కట్టి, సినిమా అండ లేకుండా, తమ మాటలతో తమ పాట పాడి జనాన్ని నిలబెట్టగలరు. బృందగానం మనకు దిగుమతి సరుకు కాదు. చెక్కభజన తెలియని తెలుగు పల్లె ఉన్నదా? భద్రాద్రి రామదాసు కీర్తన మూడు శతాబ్దాలకు పైగా బతికింది ఒంటరి విద్వాంసుల వల్ల మాత్రమే కాదు, రాత్రిపూట తాళాలు పట్టుకుని గుడి ముందు కూర్చున్న భజన బృందాల వల్ల.

ఈ కాలంలో సైతం ప్రయత్నాలు లేకపోలేదు. హైదరాబాదులో ‘చౌరస్తా’ అనే యువకుల బృందం తెలుగులో సొంత పాటలు కట్టుకుని పాడింది. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులెత్తి మొక్కి జాగ్రత్తలు చెప్పిన వాళ్ళ పాట ఇంటింటా వినబడింది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల గొంతు తరువాత 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రంతో రాష్ట్రాలు దాటింది. అతని ఎదుగుదల చూసి సంతోషించనివాడు ఎవడు? కానీ అతని పేరు చెప్పినప్పుడు మనకు గుర్తుకు వచ్చేది బృందమా, సినిమానా? మంచి గొంతు ఎక్కడ మొలిచినా దాన్ని నాటుకోవడానికి మన దగ్గర ఒకటే కుండీ ఉన్నది.

నాటు అన్నాను గనుక ఆ పాట సంగతి కూడా చెప్పాలి. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ‘నాటు నాటు’ తెలుగులో పాడారు. కీరవాణిగారికీ, చంద్రబోసుగారికీ పురస్కారం దక్కింది. అమెరికా సభికులు అర్థం తెలియకపోయినా లేచి నిలబడ్డారు. తెలుగు పాటను తెలుగుగానే ప్రపంచం ఆదరిస్తుందనడానికి ఇంకేం నిదర్శనం కావాలి? రాహుల్ హైదరాబాదు పాతబస్తీ కుర్రవాడు. సొంత పాటలు చిత్రించి యూట్యూబులో పెట్టుకుని పేరు తెచ్చుకున్నవాడు. అతని సొంత పాటలను మన సాహిత్యసభలు ఏనాడైనా పాటగా లెక్కించాయా? ఆస్కార్ వచ్చిన మరునాడు మాత్రం అందరం అతనికి బంధువులమైపోయాం.

ఇంతవరకు ఇంగ్లీషు మీద, హిందీ మీద మన అభియోగాన్ని విన్నవించాను. ఇప్పుడు మా అడవి వైపు తిరుగుతాను. ఇక్కడ ముద్దాయి తెలుగే.

మా టేకులపల్లి ఇల్లందుకూ కొత్తగూడేనికీ నడుమ ఉన్నది. చుట్టూ కోయగూడేలు, లంబాడీ తండాలు. నా తరగతిలో కూర్చున్న పిల్లలలో సగానికి పైగా ఇంటి దగ్గర తెలుగు కాని మరో భాష మాట్లాడేవారు. వాళ్ళకు తెలుగు మాధ్యమం అంటే, హైదరాబాదు పిల్లవాడికి ఇంగ్లీషు మాధ్యమం ఎలాంటిదో అలాంటిది. అమ్మ నేర్పిన మాటను గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి లోపలికి రావాలి. మణుగూరు దగ్గరి కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల గాథను, కోయ వీరుల వంశచరిత్రలను గానం చేసిన మనిషి. 2024 జూన్‌లో మరణించారు. ఢిల్లీ గుర్తించేదాకా ఖమ్మం, వరంగల్లు సాహిత్యసభలు ఆయన గానాన్ని వాఙ్మయమని పిలిచాయా? ఆయనది రాతలో లేని పురాణం. పద్దెనిమిది పర్వాల మహాభారతాన్ని కంఠస్థం చేసినవాణ్ణి మహాపండితుడు అంటాం. తన జాతి చరిత్రనంతా కంఠస్థం చేసినవాణ్ణి డోలు కళాకారుడు అని ఊరుకుంటాం.

పోర్టోరికో స్పానిష్ ఇంగ్లీషు ముందు తలవంచనందుకు మెచ్చుకుంటున్నాం. అదే స్పానిష్ ఒకప్పుడు ఆ ద్వీపపు ఆదివాసుల భాషను మింగేసిందని కూడా గుర్తుంచుకోవాలి. బాధితుడు మరొకచోట బాధించేవాడు కావడం చరిత్రలో తరచు జరిగేదే. తెలుగుకు న్యాయం అడగడానికి నిలబడే మనం కోయ పిల్లవాడి పాటకు తావు ఇవ్వకపోతే, మన వాదానికి కాళ్ళు లేవు.

విమర్శ చేసి చేతులు దులుపుకోవడం పంతులుకు తగదు. మందు కూడా చెప్పాలి. నేను పెద్ద సంస్థలను, ప్రభుత్వ అకాడమీలను అడగడం లేదు. వారికి అర్జీలు పెట్టి అలసిపోయాం. బడులను అడుగుతున్నాను.

బడి వార్షికోత్సవం ఎలా జరుగుతుందో మీరందరూ ఎరుగుదురు. అద్దె సౌండుబాక్సులు వస్తాయి. సినిమా పాటలు మోగుతాయి. పిల్లలు పెదవులు కదలిస్తూ గెంతుతారు. ఒక్క పిల్లవాడి కంఠస్వరం సైతం సభకు వినబడదు. నేను పనిచేసిన ఒక బడిలో, పిల్లలు తామే కట్టుకున్న పాటను కార్యక్రమపు జాబితాలో చేర్చమంటే, ముఖ్య అతిథిగారికి విసుగు పుడుతుందని తీసివేశారు. ముఖ్య అతిథి వచ్చేది పిల్లల కోసమా, పిల్లలున్నది ముఖ్య అతిథి కోసమా?

మరో సంగతి. మెనూదో వారి పదహారేళ్ళ నియమాన్ని చూసి ముక్కున వేలేసుకున్నాం కదా, అది మన బడులలోనూ ఉన్నది. ఆరవ తరగతిలో ప్రార్థనాగీతం పాడే పిల్లవాడికి తొమ్మిదవ తరగతి వచ్చేసరికి గొంతు విరుగుతుంది. మరునాటి నుంచి వాణ్ణి వెనుక వరుసలో నిలబెడతాం. ముందుకు ఇంకొక ఆరవ తరగతివాడు వస్తాడు. వెనుక వరుసలోకి వెళ్ళిన ఆ పిల్లవాడు మళ్ళీ నోరు తెరిచి పాడడు. పదిహేనేళ్ళ వయసున, చెప్పుకోవలసిన సంగతులు మనసులో మొట్టమొదటిసారి పొంగే కాలాన, వాడి గొంతు పనికిరాదని మనం తీర్పు చెబుతాం. కొన్నాళ్ళకు వాడు ఫోనులో స్పానిష్ కుర్రవాడి పాట వింటూ కనబడితే, పరభాషావ్యామోహమని ఉపన్యాసమిస్తాం. వాడి నోరు మూసింది మనం. మూసిన నోటికి చెవులైనా మిగలకూడదా?

అందుచేత నా విన్నపాలు మూడు. ఒకటి, ప్రతి ఉన్నత పాఠశాల వార్షికోత్సవంలోనూ ఆ బడి పిల్లలే రాసి, వరుస కట్టి, బృందంగా పాడిన కొత్త పాట కనీసం ఒకటి ఉండాలి. దానికి పోటీ వద్దు, మార్కులు వద్దు, ఏడ్పించే తీర్పరులు వద్దు. మొదటి ఏడు ప్రాస కుదరదు. కుదరకపోతే కొంప మునగదు, రెండవ ఏటికి కుదురుతుంది. రెండు, ఆ బృందంలోకి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల మగపిల్లలను పట్టుబట్టి తీసుకోవాలి. విరిగిన గొంతుకు తగిన శ్రుతి వెతకడం ఉపాధ్యాయుడి పని, గొంతును వెలివేయడం కాదు. మూడు, మా వంటి ఏజెన్సీ బడులలో రెండవ పాట కోయలోనో లంబాడీలోనో ఉండాలి. రాయడానికి లిపి లేదని సాకు చెప్పవద్దు. తెలుగు అక్షరాలు అప్పుగా ఇవ్వండి, వడ్డీ అడగవద్దు.

వీటిలో దేనికీ నిధులు అక్కరలేదు. 2018లో తెలంగాణ రాష్ట్రం బడులలో తెలుగు బోధన తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. చట్టం తెలుగు పుస్తకాన్ని పిల్లవాడి సంచిలో పెట్టగలదు. పెదవుల మీద పెట్టలేదు. పాట ఒక్కటే పెట్టగలదు. పోర్టోరికోలో ఉపాధ్యాయులు బడిలో స్పానిష్‌ను నిలబెట్టారు, కుర్రవాళ్ళు వీధిలో దాన్ని పాడారు. రెండూ జరిగాయి గనుకనే ఆ భాష నేడు తల ఎత్తుకుని తిరుగుతున్నది. మనం మొదటి పనికి సభలు పెడుతున్నాం, రెండవ పని చేసేవాణ్ణి తిడుతున్నాం.

మీలో ఉపాధ్యాయులున్నారు, ఉపాధ్యాయుల పిల్లలున్నారు, అమెరికాలో కూర్చుని ఆదివారాలు తెలుగుబడి నడుపుతున్నవారున్నారు. అక్కడి బడులకూ ఇదే మాట. మీ పిల్లవాడికి శతకపద్యం నేర్పండి, సంతోషం. దానితోపాటు వాడికి తెలిసిన ఆ వచ్చీరాని తెలుగులోనే, వాడి మంచును, వాడి బస్సును, వాడి అమ్మమ్మ ఫోను పలకరింపును పాటగా కట్టమనండి. తప్పులుంటాయి. దిద్దడానికి మా వంటి వృద్ధ పంతుళ్ళు ఖాళీగానే ఉన్నాం.

నా వాదంలో లోపమున్నదని తోచినవారు నిర్మొహమాటంగా వ్యాఖ్య రాయండి, సమాధానం చెప్పడానికి సిద్ధం. అయితే ఒక్క షరతు. కుర్రవాళ్ళు చెడిపోయారన్న మాటతో వాదం మొదలుపెట్టవద్దు. ఆఖరిసారి మీ ఇంటి పిల్లవాణ్ణి ‘ఏదీ, నీ సొంత పాట ఒకటి పాడు’ అని ఎప్పుడు అడిగారో, ఆ తేదీతో మొదలుపెట్టండి.